ముగ్గురి అన్నం

కంకిపాడు,
సెప్టెంబరు 17.

అమ్మా సింధూరీ,

మొదట "చి.ల.సౌ. సింధూరికి" అని రాసి, ఆ కాగితం చింపేశాను. సంబంధం ఖాయం కాని పిల్లకి అలా రాస్తే మాట ఇచ్చేసినట్టవుతుంది. ఉత్త "సింధూరికి" అని రాస్తే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంది. అమ్మా అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా అని అలా మొదలుపెట్టాను.

ఈ ఉత్తరం మీకు పంపుతున్న బియ్యం మూటలో, పైనుంచి జానెడు లోతులో ఉంటుంది. మూట విప్పింది మీ అమ్మగారైతే, రాజేశ్వరిగారూ, దయచేసి ఇక్కడితో ఆపి దీన్ని మీ అమ్మాయికి ఇవ్వండి. మీ అత్తగారు సంపూర్ణమ్మగారి చేతికి మాత్రం పోనివ్వకండి. ఎందుకో మీ అమ్మాయి చెబుతుంది, చెప్పాలనుకుంటే.

మీ ఇంట్లో ఫోన్లన్నీ వరదపాలయ్యాయని సంబంధాల మాణిక్యం చెప్పాడు. అవి బాగున్నా నేను ఫోన్ చేసేదాన్ని కాదమ్మా. నా గొంతు సంగతి నీకు తెలియంది కాదు. నేను వంటింట్లో గుసగుసలాడితే పక్కింటివాళ్లు సమాధానం చెబుతారు. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ వినపడకూడదు. అందుకే ముప్ఫై ఏళ్ల తర్వాత ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. జరిగిందంతా నువ్వు చూసిందే. కానీ నా వైపు నుంచి చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను, ఓపిక పట్టు.

ఆ ఆదివారం అసలు మేం బయల్దేరకూడదు. శనివారం నుంచీ కుండపోత. వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటిందని టీవీలో చెబుతుంటే, "కళింగపట్నమెక్కడ, సింగ్‌నగరెక్కడ" అన్నారు మావారు. పదిన్నర దాటితే వర్జ్యమని మాణిక్యం ఒకటే తొందర. మావారూ, మా సాత్వికూ, నేనూ పదీ పదికల్లా మీ గుమ్మం ఎక్కాం. పెళ్లిచూపుల్లో పిల్ల హాల్లోకి ఏ కాలు ముందు పెడుతుందో చూడాలని మా అత్తగారు నేర్పారు. నువ్వు పళ్లెం పట్టుకుని రావడమూ, నీ వెనకే నీళ్లు రావడమూ ఒకేసారి జరిగాయి. నాకు నీ కాళ్లే కనపడలేదు. "వేడివేడి పకోడీలు పట్టుకొస్తానుండండి" అని బయటికెళ్లిన మాణిక్యం మళ్లీ పన్నెండు రోజుల తర్వాత కనపడ్డాడు, పకోడీలు లేకుండా.

గంటలో బుడమేరు వాగు మీ సోఫా ఎక్కి కూర్చుంది. మనం ఆరుగురం మేడ మీద సగం కట్టి వదిలేసిన గదిలోకి చేరాం. గ్యాసు సిలిండరు సాత్విక్ మోశాడు. పొయ్యి మీ అమ్మ మోసింది. బియ్యం డబ్బా, గోంగూర జాడీ నువ్వు మోశావు. నేను మోసింది నా హ్యాండ్‌బ్యాగు. మీ నాన్నగారు రైల్వే డ్యూటీలో రాయనపాడు దగ్గర చిక్కుకుపోయారు కాబట్టి మీ వైపు పెద్ద మీ నానమ్మగారు. మా వైపు పెద్దరికం మావారిదే అయినా, పద్ధతుల దగ్గరికొచ్చేసరికి నాది. చిక్కంతా అక్కడే వచ్చింది.

సంబంధం ఖాయం కాకుండా ఆడపిల్లవారింట్లో అన్నం తినకూడదని మా అత్తగారి శాసనం. కాఫీ తాగొచ్చు, స్వీటు తినొచ్చు, టిఫిను చెయ్యొచ్చు. అన్నం మెతుకు నోట్లో పడిందంటే మాత్రం సంబంధం కలుపుకున్నట్టే. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది, కింద ఎనిమిది అడుగుల నీళ్లున్నాయి, అయినా నేను శాసనం వదల్లేదు. ఆదివారం పెళ్లిచూపుల లడ్డూలతో గడిచిపోయింది. సోమవారం ఉప్మా. సాయంత్రానికి రవ్వ అయిపోయింది. దోసెలో బియ్యమున్నా రుబ్బేస్తారు కాబట్టి తప్పు లేదని మావారు తీర్పు చెప్పారు గానీ, మీ గ్రైండరు అప్పటికే హాల్లో మునిగి ఉంది. మంగళవారం పొద్దున హెలికాప్టరు నుంచి ఒక పులిహోర పొట్లం మన మేడ మీద పడింది. "ఇది సర్కారు అన్నం. ఆడపిల్లవారిది కాదు" అని నేను చెయ్యి చాపాను. "మా మేడ మీద పడ్డాక మా అన్నమే" అన్నారు మీ నానమ్మగారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను తినలేదని ఆవిడా తినలేదు. ఇద్దరు ముసలివాళ్ల పంతం చూడలేక సాత్విక్ ఆ పొట్లాన్ని కర్రకి కట్టి పక్క మేడ మీద చంటిపిల్ల తల్లికి అందించాడు.

ఆ మధ్యాహ్నం మీ అమ్మ డబ్బా అడుగున మిగిలిన బియ్యం కడిగి వండింది. అది మీ ముగ్గురికే సరిపోతుందని చూస్తేనే తెలుస్తోంది. అయినా మర్యాదకి మమ్మల్ని మూడుసార్లు అడిగింది. వద్దని మూడుసార్లూ చెప్పాను. నాలుగోసారి అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. గిన్నె గది మూల పెట్టి, కాస్త చల్లారాక తిందామని మీరంతా అటూ ఇటూ అయ్యారు. నేను పొద్దున్నే ఖాళీ కడుపున షుగరు మాత్ర మింగి ఉన్నాను. చెమటలు పోస్తున్నాయి, గోడలు తిరుగుతున్నాయి. అప్పుడు నువ్వు "పడవ! పడవొస్తోంది!" అని అరిచావు. అందరూ పిట్టగోడ దగ్గరికి పరిగెత్తారు. ఆ పడవ ఎటు పోయిందో మళ్లీ ఎవరికీ కనపడలేదు. నేను లేవలేక గదిలోనే ఉండిపోయాను. నేనూ, ఆ గిన్నే.

చెయ్యి కడుక్కోలేదమ్మా. కంచం పెట్టుకోలేదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని, జాడీలో చెయ్యి పెట్టి, గోంగూర కలుపుకుని తిన్నాను. మొదటి ముద్దకి మా అత్తగారు గుర్తొచ్చారు. రెండో ముద్దకి ఆవిడ వెళ్లిపోయారు. తల ఎత్తేసరికి గుమ్మంలో నువ్వున్నావు. నా నోటినిండా అన్నం, వేళ్లనిండా గోంగూర. వెనక్కి తిరిగి, గుమ్మానికి అడ్డంగా, వీపు నాకు పెట్టి నిలబడ్డావు. నేను గిన్నె ఖాళీ చేసేదాకా అలాగే నిలబడ్డావు.

తర్వాత మీ నానమ్మగారు మూత తీసి, "అన్నమేదే?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు నువ్వు, "నేనే తిన్నా నానమ్మా. ఆకలేసింది" అన్నావు.

"ముగ్గురి అన్నం ఒక్కదానివే తినేశావుటే! పెళ్లివారి ముందు మా పరువు బుడమేట్లో కలిపేశావు గదే!"

నువ్వు తల వంచుకున్నావు. నేనూ వంచుకున్నాను, పైట చెంగుకి అంటిన గోంగూర కనపడకుండా. ఆ పూట మీ ముగ్గురూ పస్తున్నారు. బుధవారం పొద్దున నా గొంతు విని పడవ వచ్చింది. పడవవాళ్లు హిందీలో తొందరపెడుతుంటే మీ అమ్మ తడిసిన పెట్టెలో వెతికి వెతికి నాకు బొట్టుపెట్టి జాకెట్టు ముక్క ఇచ్చింది. నేను పస్తు పెట్టిన మనిషి చేతి మీదుగా బొట్టు పెట్టించుకున్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారే, అదీ నా సంగతి.

ఇంటికొచ్చాక మావారు ఏమన్నారో విను. "పిల్ల చక్కనిది. చదువుకుంది. మందుల షాపులో మంచి ఉద్యోగం. అన్నీ బాగానే ఉన్నాయి ఛాయా. కానీ కష్టమొచ్చినప్పుడే మనిషి బయటపడేది. ముసలావిణ్ణి పస్తు పెట్టి ముగ్గురి అన్నం మింగింది. రేపు మనం మంచాన పడితే గ్లాసుడు మజ్జిగ పోస్తుందా?" అన్నారు. నేను అప్పుడూ మాట్లాడలేదు. అప్పుడు నా నోట్లో ముద్ద కూడా లేదు. రేపట్నుంచి మహాలయ పక్షాలు. మంచి మాటకి ముహూర్తం కావాలి గానీ వద్దనే మాటకి అక్కర్లేదని, ఎల్లుండి గురువారం మాణిక్యాన్ని మీ ఇంటికి పంపిస్తున్నారు.

సాత్విక్ ఏమీ అనడు. రెండు ఆదివారాలుగా స్నేహితులతో వరద సేవ అని వెళ్లి సాయంత్రం వస్తున్నాడు. మా అబ్బాయికి సేవాభావం వచ్చిందని మావారు వీధంతా చెప్పుకుంటున్నారు. వాడి ప్యాంట్లు ఉతికేది నేను. మా పొలం బురద నాకు తెలుసు, అది నల్లగా, జిగటగా ఉంటుంది, వాసన ఉండదు. ఇది బూడిద రంగు, డీజిలు కంపు. ఈ బురద ఎవరింటిదో నాకు అర్థమైంది. ఆ ఇంటికే ఇప్పుడు వద్దని కబురు వెళుతోంది. మీ ఫ్రిజ్జు వెల్లకిలా తేలివచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం పడిందనీ, ఫైరింజను గొట్టంతో హాలు కడిగారనీ, నీ సర్టిఫికెట్లు తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశారనీ మాణిక్యం చెబుతుంటే నాకు అన్నం దిగలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని తిట్టిన నోరు నాది. నేను తిన్న ఇంటి పిల్లనే తిండిపోతని వద్దనిపిస్తున్నాను.

రేపు మావారికి చెప్పేస్తాను. నేను పిరికిదాన్ని కాదు గానీ, నా పద్ధతుల గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది. ఆ గొప్ప వదులుకోవడం కష్టంగా ఉంది. ఒకవేళ నాకు ధైర్యం చాలక మాణిక్యం మీ గుమ్మం ఎక్కాడో, ఈ ఉత్తరం తీసి వాడి ముందు చదువు. గట్టిగా చదువు. కింద సంతకం పెడుతున్నాను.

ఆశీస్సులతో,
నీ అన్నం తిన్న,
ఛాయాదేవి.


కంకిపాడు,
సెప్టెంబరు 19.

చి.ల.సౌ. సింధూరికి,

చూశావా, ఈసారి కాగితం చింపకుండా రాశాను! నీకు వద్దని చెప్పడానికి రావాల్సిన మాణిక్యమే ఈ ఉత్తరం తెస్తున్నాడు. కవరు గట్టిగా అంటించాను. అయినా దారిలో ఎక్కడో టీకొట్టు దగ్గర ఆవిరి పట్టి విప్పుతాడు. చదివితే చదవనీ. మాణిక్యం, పకోడీలు మర్చిపోలేదు.

నిన్న మధ్యాహ్నం గోంగూర పచ్చడి నూరాను. ఆ పచ్చడి ఎదురుగా ఉంటే గానీ నోరు పెగలదనిపించింది. మావారికి వడ్డించి, నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుని చెప్పాను.

"ఏవండీ, ఆ రోజు అన్నం తిన్నది ఆ పిల్ల కాదు. నేను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నువ్వా? ముగ్గురి అన్నమూ నువ్వే తిన్నావా?"

"గిన్నెలో ఉన్నదంతా తిన్నాను."

"ఊరుకో. సగం గిన్నేగా ఉంది" అన్నారు.

అని నాలిక్కరుచుకున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆయన వాలకం. "సగమే ఉందని మీకెలా తెలుసండీ?" అన్నాను.

నీకు గుర్తుండే ఉంటుంది, ఆయన సాత్విక్ జేబులోంచి సుద్దముక్క తీసుకుని గంటగంటకీ మెట్ల మీదికి వెళ్లి గోడ మీద నీళ్ల మట్టం గీత గీసి వచ్చేవారు. సుద్దముక్క వాడి జేబులో ఎందుకుందంటావా, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడి జేబులో ఇంకేముంటుంది. ఆ మంగళవారం "మట్టం చూసొస్తా" అని వెళ్లి చూసింది నీళ్ల మట్టం కాదట, గిన్నెలో అన్నం మట్టమట. నేను కళ్లు తిరిగి గోడకి జారగిలబడి ఉన్నప్పుడు నిలబడే తిన్నారట, జాడీ జోలికి కూడా పోకుండా, ఉత్త అన్నం. పాపం అనిపించింది. తర్వాత కోపం వచ్చింది. "తిన్నది మీరై ఉండి, ఆ పిల్లని తిండిపోతన్నారా?" అన్నాను. "నేను తిన్నది సగమేనే. మిగతా సగం ఆ పిల్ల తిన్నదనుకున్నా. ముసలావిడకి మెతుకు మిగల్చలేదే అని బాధపడ్డా. నేనైతే మిగిల్చాగా!" అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన ఇంత ధర్మాత్ములని నాకు తెలియలేదు.

తర్వాత నాకే నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది. సాత్విక్ కాలేజీ నుంచి వచ్చేసరికి ఇద్దరం కంచాల ముందు కూర్చుని నవ్వుతున్నాం. వాడికి చెబితే, "తెలుసు" అని ఒక్క మాట అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఏం తెలుసో, ఎలా తెలుసో చెప్పలేదు. నువ్వే కనుక్కో.

కాబట్టి అమ్మా, నేనూ తిన్నాను, ఆయనా తిన్నారు. మా అత్తగారి శాసనం ప్రకారం ఈ సంబంధం ఒకసారి కాదు, రెండుసార్లు ఖాయమైంది. పక్షాలు వెళ్లగానే దసరాల్లో తాంబూలాలు పుచ్చుకుందాం. మీ ఇల్లు ఇంకా ఆరలేదు కాబట్టి ఖర్చూ హడావుడీ మీరేం పెట్టుకోవద్దు, అన్నీ ఇక్కడే. ఒక్కటే మాట. ఈ అన్నం సంగతి మన నలుగురి మధ్యే ఉండనీ. సంపూర్ణమ్మగారికి చెప్పక్కర్లేదు. ఆవిడ ముందు నా తల కొట్టేసినట్టవుతుంది. పెద్దవాళ్లు కదా, నాలుగు రోజులు పోతే ఆవిడే మర్చిపోతారు.

నా మనసులో బరువంతా దిగిపోయింది తల్లీ. రెండు వారాల తర్వాత నిన్న రాత్రి కడుపునిండా తిన్నాను.

ప్రేమతో,
మీ అత్తయ్య,
ఛాయాదేవి.


సింగ్‌నగర్, విజయవాడ,
సెప్టెంబరు 29, ఆదివారం.

ఛాయాదేవి గారికి,

నమస్కారమండీ. "అత్తయ్యగారికి" అని రాయబోయి ఆపాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. మీరు పంపిన బియ్యం బాగున్నాయి. మూట విప్పింది అమ్మే. మీరు ఆపమన్న చోట ఆపిందట. నేనడిగితే కళ్లు తుడుచుకుంటూ చెప్పింది కాబట్టి ఆపలేదని నాకు అర్థమైంది. రెండో ఉత్తరం మాణిక్యం గారు తెచ్చి ఇస్తూ, "పకోడీల సంగతి ఇప్పుడెందుకమ్మా" అన్నారు. ఈ ఉత్తరం తెచ్చే మనిషిని మాత్రం కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి రానివ్వకండి. ఇవాళ మా వీధి కాలవలోంచి రెండు కుర్చీలూ, ఒక కుట్టుమిషనూ పైకి తీశారు.

మీరు నిజం రాశారు కాబట్టి నేనూ రాయాలి. ఆ మంగళవారం పడవ రాలేదండీ. నేనే అరిచాను. మందుల షాపులో రోజూ షుగరు మాత్రలు ఇచ్చేదాన్ని, ఇచ్చే ప్రతిసారీ "ఖాళీ కడుపున వేసుకోకండి" అని చెప్పేదాన్ని. మీరు పొద్దున మాత్ర మింగడం చూశాను. మధ్యాహ్నానికి మీ పెదాలు తెల్లబడ్డాయి, చేతులు వణుకుతున్నాయి. అన్నం తినండంటే మీరు తినరు. నానమ్మ ముందైతే చచ్చినా తినరు. అందుకని గది ఖాళీ చేయించాను. పది నిమిషాలపాటు మా అమ్మ ఖాళీ నీళ్లకి కొంగు ఊపింది. అంకుల్ అయితే రాని పడవకి "ఇటు! కొంచెం ఎడమకి!" అని దారి కూడా చూపించారు.

గిన్నె సగం ఖాళీగా ఉందని మీకంటే ముందు నాకు తెలుసు. మూత మీద నాలుగు తెల్లటి వేలిముద్రలున్నాయి. ఆ ఇంట్లో చేతికి సుద్ద అంటిన మనిషి ఒక్కరే. నేను చున్నీతో తుడిచేశాను. నేనే తిన్నానని ఎందుకన్నానో కూడా చెబుతాను. మీ శాసనం గురించి మీరు మూడు రోజులు పూటపూటా చెప్పారు. మీరు తిన్నారని బయటపడితే నానమ్మ ముందు మీరు చిన్నబోతారు. తర్వాత అదే నానమ్మ, "అన్నం తిన్నారుగా, ఇంకేముంది, ఖాయమే" అని అక్కడికక్కడే తాంబూలాలు అడుగుతుంది. నాకు రెండూ ఇష్టం లేదు. నా పెళ్లి గోంగూరతో ఖాయమవడం అసలు ఇష్టం లేదు.

మీరేమో సరిగ్గా అదే చేశారు. మీరు తిన్నారు, అంకుల్ తిన్నారు, సంబంధం రెండుసార్లు ఖాయమైందని రాశారు. మంచిదే. నన్ను ఒక్కసారైనా అడిగారా అండీ? ఆ మేడ మీద నాలుగు రోజులున్నాం. నాకు సంగీతం వచ్చా అని అడిగారు, జుట్టు సొంతమేనా అని అడిగారు, మా గోత్రం రెండుసార్లు అడిగారు. అబ్బాయి నీకు నచ్చాడా అని మీ ఇంట్లోవాళ్లూ అడగలేదు, మా ఇంట్లోవాళ్లూ అడగలేదు. వద్దని కబురు పంపబోయినప్పుడూ నన్ను అడగలేదు, ఖాయమని రాసినప్పుడూ అడగలేదు.

ఇంకొకటి ఉంది. నాలుగు రోజులు పోతే నానమ్మ మర్చిపోతుందని రాశారు. నానమ్మ సంగతి మీకు తెలియదు. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, "ముందు మమ్మల్ని వడ్డించుకోనివ్వు తల్లీ" అంటోంది. వరద పొట్లాలు పంచడానికి వచ్చినవాళ్లతో "ఈ పిల్లకి మూడివ్వండి బాబూ, ఒకటి ఆనదు" అంది. వీధిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మొదటి వారమంతా బురద ఎత్తుతూ ఏడ్చానండీ. బురద మొహం మీద ఉంటే ఎవరికీ తెలియదు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నేనూ ఆకలితోనే ఉన్నాను. ఆకలేసినదాన్ని తిండిపోతన్నారు. నేను నోరు మూసుకోవడం నా ఇష్టం, దానికి నేను బాధపడను. మీరు రెండు వారాలు నోరు మూసుకున్నారే, అది నొప్పిగా ఉంది. మీ ఉత్తరం చదివాక కొంత తగ్గింది. మొత్తం తగ్గలేదు.

సాత్విక్ గారిని అడిగాను, "తెలుసు" అంటే ఏం తెలుసని. మీ పైట చెంగుకి గోంగూర చూశారట. "మరి ఎందుకు చెప్పలేదు?" అంటే, "అమ్మ కదండీ" అన్నారు. అందుకే ఆయనకి మా వీధి కాలవ అప్పగించాను. రెండు ఆదివారాలు పట్టింది. ఇవాళ ఆయనే, "నేను మీ నానమ్మగారికి చెప్పేస్తాను" అని లేచారు. కూర్చోమన్నాను. తిన్నవాళ్లు చెప్పాలి గానీ చూసినవాళ్లు కాదు.

మీ అత్తగారి శాసనం మగపెళ్లివారికి రాసింది. ఆడపిల్లకి ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి నేనే రాసుకున్నాను. ఆడపిల్ల అబ్బాయి ఇంట్లో అన్నం తిన్నాకే సంబంధం ఖాయం. అంతవరకూ కాఫీ తాగొచ్చు, టిఫిను చెయ్యొచ్చు. పక్షాలు వెళ్లాక వచ్చే ఆదివారం నేనూ, అమ్మా, నాన్నా, నానమ్మా కంకిపాడు వస్తున్నాం. ఆటో మాట్లాడాను. ముందు మీరు నానమ్మ ఎదురుగా నిలబడి, ఆ రోజు అన్నం ఎవరు తిన్నారో మీ గొంతుతో చెప్పాలి. గుసగుసగా చెప్పినా చాలు, మీ పక్కింటివాళ్లు సాక్ష్యం ఉంటారు. అంకుల్ పక్కనే నిలబడి సగం ఒప్పుకోవాలి. తర్వాత ఎవరైనా ఒకరు నన్ను అడగాలి, అబ్బాయి నచ్చాడా అని. ఎవరడిగినా సరే, మాణిక్యం గారైనా సరే. ఇవి జరగకపోతే కాఫీ తాగి, బొట్టు పెట్టించుకుని వచ్చేస్తాం.

జరిగితే మాత్రం, ఇంటికెళ్లి కబురు చేస్తామని అనను. విస్తరి ముందు కూర్చునే చెబుతాను. గోంగూర నూరండి. బియ్యం కాస్త ఎక్కువే పొయ్యండి. ముగ్గురి అన్నం ఒక్కదాన్నే తింటానని పేరు ఎలాగూ వచ్చేసింది. ఆ రోజు మీ ఇంట్లో, మీ అందరి ముందూ తినేస్తాను.

నమస్కారాలతో,
ఆదివారం దాకా మీకు ఏమీ కాని,
సింధూరి.